హొక్కైడో పౌడర్ స్కీ ట్రిప్: అపోహలు - వాస్తవాలు

జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో ద్వీపం కొండల్లో బ్యాక్‌కంట్రీ స్కీయింగ్‌కి బృందాలను తీసుకెళ్ళడం నా పని. అంటే లిఫ్టులు లేని చోట, స్కీల అడుగున స్కిన్స్ (వెనక్కి జారకుండా పట్టు ఇచ్చే పట్టీలు) అంటించుకుని నడిచి ఎక్కి, ఎవరూ తొక్కని మంచులో దిగడం. ఈమధ్య హైదరాబాద్ నుంచీ, అమెరికాలో ఉన్న మనవాళ్ళ నుంచీ అడిగేవాళ్ళు పెరిగారు. చాలా సంతోషం. అయితే వాళ్ళ మాటల్లో కొన్ని నమ్మకాలు పదేపదే వినిపిస్తున్నాయి. వాటిలో ప్రాణం మీదకు తెచ్చేవీ ఉన్నాయి.

అపోహ: పౌడర్ మంచు మెత్తగా ఉంటుంది, పడ్డా ఏం కాదు.

సైబీరియా నుంచి వీచే చలిగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమ నింపుకుని, హొక్కైడో కొండల మీద తేలికైన పొడి మంచుగా కురిపిస్తుంది. అందులో పడితే దెబ్బ తగిలేది తక్కువే. భయపడాల్సింది ఊపిరాడకపోవడానికి. ఫర్ చెట్ల కింద కొమ్మలు అడ్డుండటం వల్ల మొదలు చుట్టూ మంచు నిండక గుంట మిగిలిపోతుంది. పైనుంచి చూస్తే తెలియదు. అందులో తలకిందులుగా పడినవాళ్ళు తమంతట తాము బయటపడటం చాలా కష్టం. కదిలేకొద్దీ పైనుంచి ఇంకా మంచు జారుతుంది. అందుకే అడవిలో ఇద్దరిద్దరుగా, ఒకరికొకరు కనబడుతూ, పిలిస్తే వినబడేంత దగ్గరగా దిగమని చెబుతాం. ముందే కిందికి వెళ్ళిపోయిన స్నేహితుడు నడుంలోతు మంచులో మళ్ళీ పైకి ఎక్కి రావాలంటే ఎంతసేపు పడుతుందో ఆలోచించండి.

అపోహ: గైడ్ ఉన్నాడు కదా, బీకన్ మాకెందుకు?

బీకన్ అంటే మంచులో కూరుకుపోయినవాళ్ళ జాడ చూపే చిన్న రేడియో పరికరం. నాకు అన్నిటికన్నా టెన్షన్ తెప్పించే మాట ఇదే. మంచుచరియ విరిగిపడినప్పుడు కూరుకుపోయింది గైడే అయితే వెతకాల్సింది ఎవరు? మొదటి పది నిమిషాల్లో బయటకు తీస్తే బతికేవాళ్ళే ఎక్కువ. అరగంట దాటితే ఆశ బాగా సన్నగిల్లుతుంది. రెస్క్యూ టీమ్ అంత త్వరగా కొండ మీదకు రాలేదు. కాబట్టి కాపాడాల్సింది అక్కడే ఉన్న మీరే. బీకన్‌తో సిగ్నల్ పట్టుకోవడం, ప్రోబ్ అనే పొడవాటి కడ్డీతో గుచ్చి చోటు తేల్చుకోవడం, పారతో తవ్వడం, ఈ మూడూ మొదటి రోజు ఉదయమే అందరి చేతా సాధన చేయిస్తాం. అందులో తవ్వడమే ఎక్కువ సమయం తినేస్తుంది, జనం తేలిగ్గా తీసుకునేదీ దాన్నే. దయచేసి ఆ సెషన్‌కి ఆలస్యంగా రాకండి.

గట్టిగా అరిస్తే చరియలు విరిగిపడతాయన్నది సినిమాల్లో పుట్టిన మాట. ప్రమాదాల్లో చాలావరకు చరియను కదిలించేది బాధితుడి బరువో, అతని బృందంలో ఒకరి బరువో. 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే ఇవి ఎక్కువ. తుఫాను తర్వాత మేం అంతకన్నా తక్కువ వాలు ఉన్న అడవులకే పరిమితమవుతాం.

అపోహ: ప్రోగ్రామ్‌లో యోతేయ్ అని రాశారు కాబట్టి యోతేయ్ ఎక్కించాల్సిందే.

1,898 మీటర్ల యోతేయ్ అగ్నిపర్వతం శిఖరం మీద నిలబడాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. కానీ గాలి పెరిగినా, కనుచూపు తగ్గినా, మంచు పొరలు సరిగా అతుక్కోకపోయినా వెనక్కి తిప్పుతాం. మీరు గైడ్‌కి డబ్బు కట్టేది ఆ నిర్ణయం కోసం కూడా. రిసార్ట్ దగ్గరైనా ఇంతే. నిసెకో రిసార్ట్‌లో హద్దు గేటు మూసి ఉంటే ఎవరూ బయటకు వెళ్ళకూడదు, హద్దు తాడు కింద నుంచి దూరడం ఎప్పుడూ నిషేధమే. హారు నో తకి అనే చోటికి వాతావరణం ఎంత బాగున్నా ప్రవేశం లేదు.

అపోహ: రెండు రోజులు నేర్చుకుంటే చాలు.

చాలదు. రిసార్ట్‌లో ఎర్ర రంగు గుర్తున్న (మధ్యస్థాయి) వాలులు ఎలాంటి మంచులోనైనా ఆగకుండా దిగగలిగాక రండి. గుల్మార్గ్‌లో ప్రభుత్వ స్కీ సంస్థ కోర్సులు నడుపుతోంది, మొదలుపెట్టడానికి మంచి చోటు.

అపోహ: సంస్కృతి అంటే సాయంత్రం కాలక్షేపం.

ఆన్‌సెన్ అంటే వేడి నీటి బుగ్గల స్నానం. నీళ్ళలోకి దిగేముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళంతా సబ్బుతో కడుక్కోవాలి. స్విమ్‌సూట్ వేసుకోరు. మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ సాధారణంగా వేర్వేరు. చిన్న తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు. మనవాళ్ళకి బిడియం సహజం, అలాంటివాళ్ళు విడిగా అద్దెకిచ్చే స్నానపు గది ఉందేమో ముందే అడగండి. టాటూలు ఉన్నవాళ్ళూ అడిగే రావాలి.

భోజనం విషయంలో ఇంకా జాగ్రత్త. మీసో సూప్, సోబా నూడుల్స్ పులుసు చూడ్డానికి శాకాహారంలా ఉంటాయి కానీ వాటికి ఆధారమైన దాషి అనే రసంలో తరచుగా ఎండు చేప ఉంటుంది. హొక్కైడో కొంబు అనే సముద్రపు నాచుకు పేరున్న చోటు, దాంతోనే దాషి చేయించుకోవచ్చు. కాకపోతే చిన్న బసల్లో రాత్రి భోజనం అందరికీ ఒకే వేళకి తయారవుతుంది, బుకింగ్ అప్పుడే చెప్పాలి. వడ్డించాక చెబితే వండినవాళ్ళు నొచ్చుకుంటారు, మీరు పస్తుంటారు.

ఇంకొకటి. ఈ నేల ఇక్కడి మూలవాసులైన ఐనూ ప్రజలది. సప్పొరో, నిసెకో పేర్లు వాళ్ళ భాషలోంచి వచ్చినవే. షిరావొయ్‌లో 2020లో తెరిచిన ఉపోపోయ్ అనే జాతీయ ఐనూ మ్యూజియానికి మా ట్రిప్‌లో ఒక పూట కేటాయిస్తాం. మంచు బాగుంది కదా అని ఆ పూట వదిలేయమని అడుగుతుంటారు. నేను ఒప్పుకోను.