ప్రాజెక్టులా, పాఠాలా? తగువు అసలు 2006లో ముదిరింది

ఏ స్కూలు టైంటేబుల్ మార్చి ప్రాజెక్టుల బాట పట్టినా తల్లిదండ్రుల సమావేశంలో వినిపించే మాటలు దాదాపు ఒకటే. "మావాడు వారమంతా థర్మాకోల్ కోస్తున్నాడు, భిన్నాలు మాత్రం రావట్లేదు" అని ఒక తల్లి అంటే, "బట్టీ పట్టి మనం ఏం ఉద్ధరించాం?" అని ఇంకొకరు ఎదురడుగుతారు. ఇప్పుడు మళ్లీ అదే రచ్చ. చేస్తూ నేర్చుకోవాలన్న అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీతో మొదలుపెట్టి వందేళ్ల చరిత్ర చెప్పే వ్యాసాలు కావలసినన్ని ఉన్నాయి, ఆ జోలికి పోను. ఇవాళ ఎవరు ఏం వాదిస్తున్నారో తెలియాలంటే 2006లో వచ్చిన ఒక్క వ్యాసం చూస్తే చాలు.

పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ అనే ముగ్గురు విద్యా మనస్తత్వవేత్తలు కలిసి 'ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్' పత్రికలో రాశారు దాన్ని. టీచర్ పక్కకు తప్పుకుని పిల్లల్నే వెతుక్కోమనే పద్ధతులు పనిచేయవని, అర్ధ శతాబ్దపు పరిశోధనలు ఇదే చెబుతున్నాయని మొహమాటం లేకుండా తేల్చేశారు. ఆ పద్ధతుల జాబితాలో డిస్కవరీ (పిల్లలే కనిపెట్టడం), ఎంక్వైరీ (ప్రశ్నలు వేసుకుని వెతుక్కోవడం), సమస్య ఆధారిత బోధన అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు.

స్వెల్లర్‌కి ఈ అనుమానం అంతకు పాతికేళ్ల ముందే మొదలైంది. 1980ల తొలినాళ్లలో ఆయన కాలేజీ విద్యార్థులకు ఒక లెక్క ఇచ్చాడు: ఒక సంఖ్య నుంచి ఇంకో సంఖ్యకు చేరాలి, చేయగలిగినవి రెండే పనులు, 3తో గుణించడం లేదా 69 తీసేయడం. 31 నుంచి 3కి వెళ్లాలనుకోండి. 31ని 3తో గుణిస్తే 93, అందులోంచి 69 పోతే 24, మళ్లీ గుణిస్తే 72, మళ్లీ తీసేస్తే 3. ఆయన ఇచ్చిన లెక్కలన్నిటికీ దారి ఇదే, ఒకసారి గుణించు, ఒకసారి తీసెయ్. విద్యార్థులు లెక్కలైతే సులువుగానే చేసేశారు. కానీ ఈ సూత్రాన్ని కనిపెట్టినవాళ్లు చాలా తక్కువ. గమ్యం చేరడం మీదే ధ్యాసంతా పోయి, దారి ఎలాంటిదో గమనించే తీరిక బుర్రకు లేకపోయింది. పని పూర్తవడం వేరు, నేర్చుకోవడం వేరు అని ఇంత తేటగా చూపించిన ప్రయోగం ఇంకొకటి నాకు తెలియదు. థర్మాకోల్ గురించి ఆ తల్లి అడిగేదీ అదే కదా.

1985లో బీజగణితం మీద ఇంకో ప్రయోగం జరిగింది. చేసి చూపించిన లెక్కల్ని చదివినవాళ్లు, సొంతంగా చేసి నేర్చుకున్నవాళ్ల కంటే, అలాంటి లెక్కల్నే ఆ తర్వాత తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో చేశారు. అయితే 2006 వ్యాసంలో ఇంకో మాట కూడా ఉంది, పాఠాల పక్షం వాళ్లు దాన్ని హాయిగా దాటేస్తారు: విషయం మీద గట్టి పట్టు వచ్చాక ఈ సాయం అవసరం తగ్గిపోతుంది. అంటే కొత్తగా నేర్చుకునేవాళ్లకి చెప్పాలి, వచ్చినవాళ్లని వదిలేయొచ్చు.

ఆ వ్యాసానికి మరుసటి ఏడాదే, 2007లో, సిండీ మెలో-సిల్వర్, మరో ఇద్దరు పరిశోధకులు జవాబు రాశారు. మంచి ప్రాజెక్టులో టీచర్ చేతులు కట్టుకుని కూర్చోడని, అడుగడుగునా ఊతమిస్తూనే ఉంటాడని వాళ్ల వాదన. సబబైన మాటే. కానీ అందులో ఒప్పుకోలు కూడా ఉంది: ఊతం లేని ప్రాజెక్టును వాళ్లూ సమర్థించలేదు. ఆ మాటకొస్తే 1918లో ప్రాజెక్టు పద్ధతికి ప్రచారం తెచ్చిన విలియం కిల్‌పాట్రిక్, ఫ్రెంచి క్రియారూపాలు నేర్చుకోవడాన్ని కూడా ప్రాజెక్టుల లెక్కలోనే వేశాడు! ఇవాళ బట్టీ అని ముక్కు విరిచేవాళ్లకి ఇది చెబితే నమ్మరు.

తర్వాత స్కూళ్లలో జరిగిన రెండు ప్రయోగాల్ని ఇరుపక్షాలూ తమకు నచ్చినట్టు వాడుకుంటున్నాయి. 2016లో ఇంగ్లండ్‌లో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ (బోధన పద్ధతుల్ని పరీక్షించే స్వచ్ఛంద సంస్థ) ప్రకటించిన ఫలితాల్లో ప్రాజెక్టుల వల్ల చదవడం, రాయడంలో స్పష్టమైన మెరుగు కనబడలేదు, పేద పిల్లలకు నష్టం జరిగి ఉండొచ్చన్న సూచన కూడా వచ్చింది. మధ్యలో చాలా స్కూళ్లు తప్పుకున్నాయి కాబట్టి దాన్ని మరీ పట్టుకు వేలాడలేం. 2021లో అమెరికా ఫలితం తిరగబడింది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి) కోర్సుల్లో ప్రాజెక్టులతో చదివిన హైస్కూల్ విద్యార్థుల్లో ఉత్తీర్ణత, మొదటి ఏడాదే, మామూలుగా చదివినవాళ్ల కంటే సుమారు 8 శాతం పాయింట్లు ఎక్కువ. పేద విద్యార్థులకూ లాభం కనబడింది. అక్కడి టీచర్ల చేతికి తయారుగా ఉన్న పాఠ్యప్రణాళిక ఇచ్చారు, ముందుగా శిక్షణ ఇచ్చారు, ఏడాది పొడవునా పక్కనుండి సాయం చేశారు. పైగా అక్కడ కూర్చున్నది భిన్నాలు నేర్చుకుంటున్న చిన్నపిల్లలు కాదు.

ఇప్పటి గొడవలో స్కూలు యాజమాన్యాలు చూపించేది ఈ 2021 ఫలితాన్నే. కొత్త టైంటేబుల్‌తో పాటు టీచర్లకు ఎన్నాళ్లు శిక్షణ ఇచ్చారు, ఏ తరగతి నుంచి మొదలుపెడుతున్నారు అని అడిగితే మాత్రం గోడ మీది చార్టులు చూపిస్తున్నాయి.