పెంపకమా పుట్టుకా: నూట యాభై ఏళ్ళ గొడవ ఎక్కడ మొదలైంది, ఎక్కడిదాకా వచ్చింది

పిల్లాడు బుద్ధిగా ఉంటే "వాళ్ళమ్మ పెంపకం అండీ" అంటారు, కాస్త తేడాగా తయారైతే "అచ్చం మేనమామ పోలిక" అంటారు, రెండూ అనేది ఒకే నోరు, ఒకే పెళ్ళిలో. మన సామెతలూ అంతే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు అని ఒకటుంది, మొక్కై వంగనిది మానై వంగునా అని ఇంకోటుంది, ఎవరికి ఏది పనికొస్తే అది తీసి వాడుకోవడమే. కానీ పెంపకమే అంతా అయితే ఒకే ఇంట్లో అదే అమ్మానాన్నల దగ్గర పెరిగిన అన్నదమ్ముల్లో ఒకడు నోరు విప్పనివాడు, ఇంకొకడు వీధి వీధంతా ఫ్రెండ్సే అన్నట్టు ఎందుకు తయారవుతారు? పోనీ అంతా రక్తంలోనే ఉందంటే ఒకే పోలికతో పుట్టిన కవలల మధ్య కూడా తేడాలు ఎందుకుంటాయి?

ఇది ఊసుపోక మాట్లాడుకునే విషయం అనిపించొచ్చు గానీ దీని చుట్టూ చాలా డబ్బు తిరుగుతోంది. అమీర్‌పేటలో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు ఎప్పటినుంచో ఉన్నాయి, ఆ తర్వాత డీఎంఐటీ అని పిల్లల పది వేలిముద్రలు తీసుకుని మీవాడి స్వభావం ఇది, గ్రూపు ఇది తీసుకోండి అని కలర్ ప్రింట్ రిపోర్ట్ చేతిలో పెట్టే వ్యాపారం వచ్చింది, దానికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ చెప్పినా నడుస్తూనే ఉంది. ఇవన్నీ ఆ పాత గొడవలో ఏదో ఒక పక్క నిలబడి అమ్ముకునేవే. క్లాసువాడు అంతా మార్చొచ్చు అంటాడు, వేలిముద్రలవాడు అంతా ముందే రాసుంది అంటాడు.

గొడవ మొదలుపెట్టింది ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లిష్ ఆయన, డార్విన్‌కి వరసకి తమ్ముడు. మనిషిలో పుట్టుక వాటా ఎంత, పెంపకం వాటా ఎంత అని ఆ రెండిటినీ ఎదురెదురుగా నిలబెట్టి 1874లో పుస్తకం రాశాడు, మరుసటి ఏడాదే కవలల మీద ఒక వ్యాసం రాశాడు. కవలలున్న కుటుంబాలకి ఉత్తరాలు రాసి వివరాలు తెప్పించుకున్నాడు. చిన్నప్పుడు ఒకేలా ఉన్నవాళ్ళు పెద్దయ్యాక వేరేలా అయ్యారా, చిన్నప్పుడే తేడాగా ఉన్నవాళ్ళు ఒకే పెంపకం వల్ల దగ్గరయ్యారా అని చూసి, పుట్టుకదే పైచేయి అని తేల్చాడు. ఐడియా మంచిదే, కవలల్ని వాడుకోవచ్చు అని తట్టడమే పెద్ద విషయం, కానీ ఆయన అక్కడితో ఆగలేదు. 1883లో యూజెనిక్స్ అనే మాట పుట్టించాడు, అంటే మంచి రకం మనుషులు ఎక్కువమందిని కనాలి, మిగతావాళ్ళు తగ్గాలి అని.

ఆ మాట ఎక్కడిదాకా పోయిందంటే అమెరికాలో 1907లో ఇండియానా రాష్ట్రం బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి చట్టం చేసింది, 1927లో క్యారీ బక్ అనే అమ్మాయి కేసులో సుప్రీంకోర్టే అలాంటి చట్టాన్ని ఓకే చేసింది, మొత్తం మీద అరవై వేల మందికి పైగా ఆపరేషన్లు చేసేశారు. 1933లో హిట్లర్ ప్రభుత్వం కూడా అలాంటి చట్టమే తెచ్చింది, దాని తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. అందుకే యుద్ధం తర్వాత చాలా ఏళ్ళు స్వభావం పుట్టుకతో వస్తుంది అన్న మాట ఎత్తడానికే సైకాలజీ వాళ్ళు జంకారు, ఆ జంకు న్యాయమైనదే.

ఈలోపు ఇంకో పక్క నుంచి జాన్ వాట్సన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ వచ్చాడు. నాకు ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది పసిపిల్లల్ని ఇవ్వండి, నేను చెప్పినట్టు పెంచనివ్వండి, ఎవర్ని కావాలంటే వాళ్ళని డాక్టర్నో లాయర్నో దొంగనో చేసి చూపిస్తా అని 1920ల్లో రాశాడు. ఈ మాట అందరూ ఎత్తి చూపిస్తారు గానీ ఆ వెంటనే ఆయనే, నా దగ్గరున్న ఆధారాల కంటే ఎక్కువే చెప్తున్నాను, ఒప్పుకుంటున్నాను అని కూడా రాశాడు, అది మాత్రం ఎవరూ చెప్పరు. 1928లో పిల్లల పెంపకం మీద పుస్తకం వేసి, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి, ముద్దులు పెట్టకండి, మరీ తప్పదనుకుంటే రాత్రి పడుకునేముందు నుదుటి మీద ఒకటి, పొద్దున్నే షేక్‌హ్యాండ్ ఇవ్వండి అని సలహా ఇచ్చాడు. పొద్దున్నే పసిపిల్లాడికి షేక్‌హ్యాండ్! అప్పటికే ఆయన యూనివర్సిటీ వదిలేసి అడ్వర్టైజింగ్ కంపెనీలో పని చేస్తున్నాడు, అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

పెంపకం పక్షం గెలిచిన ఆ రోజుల్లో దెబ్బ తగిలింది తల్లులకి. పిల్లాడికి ఆటిజం ఉంటే తల్లి మనసు ఫ్రిజ్‌లా చల్లగా ఉండటం వల్లే అని డాక్టర్లే చెప్పేవాళ్ళు, 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఎంతమంది తల్లులు ఆ మాట మోశారో. మన దగ్గర ఇప్పటికీ పిల్లాడు లేటుగా మాట్లాడితే నువ్వు ఫోన్ చూస్తూ కూర్చున్నావు కాబట్టే అని ముందు కోడల్నే అంటారు, మాట మారింది తప్ప వేలు చూపించే వైపు మారలేదు.

ఇది చూసి విసుగొచ్చిన వాళ్ళలో న్యూయార్క్‌లో ఒక డాక్టర్ దంపతులు, స్టెల్లా చెస్, అలెగ్జాండర్ థామస్. 1956 నుంచి 133 మంది పిల్లల్ని పసికందులుగా ఉన్నప్పుడే పట్టుకుని పెద్దయ్యేదాకా చూస్తూ వచ్చారు. పాలు తాగే టైమ్ మారితే ఏం చేస్తారు, కొత్త మనిషి ఎత్తుకుంటే ఏం చేస్తారు, స్నానం అంటే గోలా నవ్వా, ఇలాంటివే రాసుకున్నారు. వాళ్ళు చూసింది ఏంటంటే తల్లి ఏదైనా చేసేలోపే, నెలల పిల్లల్లోనే తేడా కనిపిస్తోంది. దాదాపు 40 శాతం తేలిగ్గా సర్దుకుపోయే పిల్లలు, 10 శాతం ప్రతిదానికీ పేచీ, 15 శాతం కొత్తంటే ముందు వెనక్కి తగ్గి మెల్లగా కలిసేవాళ్ళు, మిగతావాళ్ళు ఏ గుంపులోనూ సరిగ్గా పట్టనివాళ్ళు. అయితే పేచీ పిల్లాడు పేచీకోరుగానే పెరుగుతాడు అని వాళ్ళు అనలేదు, పిల్లాడి తీరుకీ ఇంటి తీరుకీ పొసిగిందా లేదా అన్నదే ముఖ్యం అన్నారు. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో మామూలు తల్లిదండ్రులకి పనికొచ్చే మాట ఇదొక్కటే, కానీ దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే పేపర్లో హెడ్డింగ్ పెట్టడానికి అందులో ఏం లేదు.

హెడ్డింగులు దొరికింది 1979లో. అమెరికాలోని ఒహాయోలో పుట్టిన నాలుగు వారాలకే విడిపోయి వేర్వేరు ఇళ్ళకి దత్తత పోయిన ఇద్దరు కవలలు 39 ఏళ్ళకి కలుసుకున్నారు, ఇద్దరి పేరూ జిమ్, ఇద్దరి మొదటి భార్య పేరు లిండా, రెండో భార్య బెట్టీ, చిన్నప్పుడు ఇద్దరూ పెంచిన కుక్క పేరు టాయ్. మిన్నెసోటా యూనివర్సిటీలో థామస్ బుషార్డ్ అనే సైకాలజిస్ట్ ఇది చదివి వాళ్ళని పిలిపించుకుని, అక్కడినుంచి విడిగా పెరిగిన కవలల్ని వరసపెట్టి వెతికి టెస్టులు చేశాడు. భార్య పేరు జీన్స్‌లో, అంటే జన్యువుల్లో, ఉండదు కదా, అప్పట్లో ఒహాయోలో లిండాలు బెట్టీలు వీధికి నలుగురుండేవాళ్ళు, కాబట్టి ఆ జిమ్‌ల కథ వినడానికి బావుంటుంది గానీ అందులో సైన్స్ తక్కువ. అసలు విషయం తర్వాత వచ్చిన లెక్కల్లో ఉంది. విడివిడిగా పెరిగిన ఒకే పోలిక కవలలు స్వభావంలో ఎంత దగ్గరగా ఉన్నారో, కలిసి పెరిగినవాళ్ళు కూడా దాదాపు అంతే దగ్గరగా ఉన్నారు. అంటే ఒకే కప్పు కింద పెరగడం వల్ల అదనంగా వచ్చిన పోలిక దాదాపు ఏమీ లేదు!

ఇదే టైమ్‌కి ఇంకో కవలల కథ బయటపడింది, అది మాత్రం నవ్వుకునేది కాదు. న్యూయార్క్‌లో ఒక దత్తత సంస్థ కవలల్ని కావాలనే విడదీసి వేర్వేరు ఇళ్ళకి ఇచ్చింది, పీటర్ న్యూబవర్ అనే సైకియాట్రిస్ట్ టీమ్ ఆ ఇళ్ళకి వెళ్ళి స్టడీ చేస్తూ, మీ పిల్లాడికి తోడబుట్టినవాడు ఉన్నాడు అన్న ముక్క మాత్రం ఆ తల్లిదండ్రులకి చెప్పలేదు. 1961లో ఒకే కాన్పులో పుట్టి ఇలాగే విడిపోయిన ముగ్గురు అన్నదమ్ములు 19 ఏళ్ళకి అనుకోకుండా ఎదురుపడేదాకా ఇది బయటికి రాలేదు. ఆ ముగ్గురిలో ఒకతను తర్వాత ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ రికార్డులు యేల్ యూనివర్సిటీలో 2065 దాకా సీల్ వేసి ఉన్నాయి.

ఇక్కడ ఒక లెక్క గురించి చెప్పాలి, అందరూ తప్పుగా చదివేది అదే. 2015లో కవలల మీద అంతకుముందు యాభై ఏళ్ళలో వచ్చిన స్టడీలన్నీ, 2,748 పేపర్లు, కోటీ నలభై లక్షలకి పైగా జంటలు, కలిపి చూస్తే అన్నిరకాల లక్షణాలకీ సగటున 49 శాతం వారసత్వం అని తేలింది. అంటే నా స్వభావంలో సగం నాన్నది, సగం నేను పెరిగిన ఊరిది అని కాదు. బిర్యానీ రుచిలో బియ్యం వాటా ఎంత, మంట వాటా ఎంత అని అడగలేం కదా, కానీ పది హోటళ్ళ బిర్యానీ మధ్య తేడాకి బియ్యం ఎంత కారణం అని అడగొచ్చు. ఆ 49 శాతం మనుషుల మధ్య తేడాల గురించిన లెక్క, ఒక మనిషిని కోసి చూసిన లెక్క కాదు.

మరి మిగతా సగం? ఇల్లు కాకపోతే ఇంకేంటి? 1987లో రాబర్ట్ ప్లోమిన్, డెనీస్ డేనియల్స్ అనే సైకాలజీ వాళ్ళు ఇదే అడిగారు, ఒకే ఇంటి పిల్లలు ఇంత తేడాగా ఎందుకున్నారు అని. దీనికి అందరికంటే ఘాటుగా జవాబిచ్చింది జుడిత్ రిచ్ హారిస్. 1960లో హార్వర్డ్ ఆవిడని పీహెచ్‌డీ నుంచి పంపించేసింది, నీలో ఒరిజినల్‌గా ఆలోచించే శక్తి కనపడలేదు అన్నట్టు లెటర్ ఇచ్చి, దాని మీద సంతకం జార్జ్ మిల్లర్ అనే పేరున్న సైకాలజిస్ట్‌ది. తర్వాత ఆవిడ న్యూజెర్సీలో ఇంట్లో కూర్చుని టెక్స్ట్‌బుక్కులు రాసుకుంటూ, నేను రాస్తున్నదానికే ఆధారం లేదే అని అనుమానమొచ్చి, 1995లో ఒక పెద్ద పేపర్ వేసింది: పిల్లల్ని తయారుచేసేది అమ్మానాన్నలు కాదు, తోటి పిల్లల గుంపు అని. ఆ పేపర్‌కి వచ్చిన అవార్డు పేరు జార్జ్ మిల్లర్ అవార్డు. సినిమాలో పెడితే నమ్మరు.

హారిస్ మొదటి సాక్ష్యం వలస వచ్చినవాళ్ళ పిల్లల యాస. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన తెలుగువాళ్ళని చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది, ఇంట్లో అమ్మానాన్నల ఇంగ్లిష్ గుంటూరు యాసలో ఉంటుంది, పిల్లాడిది మాత్రం అచ్చం వాడి క్లాస్‌మేట్స్‌ది. ఆదివారం తెలుగు బడికి పంపినా సరే. యాసకి సరిపోయిన మాట స్వభావానికీ సరిపోతుందా అంటే అంతగా రుజువు కాలేదు, ఫ్రెండ్స్ ప్రభావం కూడా ఆవిడ అనుకున్నంత లేదనే తర్వాత చాలామంది అన్నారు. తల్లిదండ్రులు ఏం చేసినా ఒకటే అని దీన్నుంచి లాగడం కూడా తప్పు, కొట్టి తిట్టి పెంచిన ఇంట్లో పిల్లాడు ఏమవుతాడో ఈ కవలల లెక్కల్లోకి సరిగ్గా రాదు, అలాంటి ఇళ్ళు ఈ స్టడీల్లో తక్కువ.

జీన్స్ పక్షం కూడా బోర్లా పడింది. 1996లో ఒక జీన్‌కి కొత్తదనం కోరుకునే గుణంతో, ఇంకో జీన్‌కి ఆందోళనతో లింకు దొరికిందని పేపర్లు వచ్చాయి, ఆ రెండో జీన్ మీద ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో వందల పేపర్లు పుట్టాయి. 2019లో లక్షల మంది డేటాతో డిప్రెషన్‌కి అంటగట్టిన ఇలాంటి ఫేమస్ జీన్స్ 18ని చెక్ చేస్తే, దారిన పోయే ఏ జీన్ కంటే కూడా ఇవి ఎక్కువ కాదని తేలింది. ఇప్పుడు తెలిసిందల్లా ఏంటంటే, ఊరికే కంగారుపడే గుణం ఒక్కదానికే దాదాపు నాలుగున్నర లక్షల మందిని చూస్తే వందకి పైగా చోట్ల చిన్న చిన్న లింకులు దొరికాయి, ఒక్కోదాని బలం చీమంత. వేలిముద్ర చూసి చెప్పేవాడి సంగతి ఇక నేను చెప్పక్కర్లేదు.

ఆ మిగతా సగం గురించి నాకు బాగా నచ్చిన ప్రయోగం ఎలుకలది. 2013లో జర్మనీలో 40 ఎలుకల్ని, అన్నీ ఒకే జీన్స్ ఉన్నవి, అంతస్తులూ గొట్టాలూ ఆటవస్తువులూ ఉన్న ఒకే పెద్ద బోనులో మూడు నెలలు వదిలేసి ఒక్కోదానికి చిప్ పెట్టి ఎక్కడ తిరుగుతోందో చూశారు. జీన్స్ ఒకటే, ఇల్లు ఒకటే. మొదట్లో అన్నీ దాదాపు ఒకేలా తిరిగాయి, రోజులు గడిచేకొద్దీ కొన్ని బోనంతా తిరిగేవి, కొన్ని ఒకమూలే ఉండిపోయేవి అయ్యాయి, ఆ తేడా పెరుగుతూనే పోయింది, ఎక్కువ తిరిగిన ఎలుకల మెదడులో కొత్త కణాలు కూడా ఎక్కువ పుట్టాయి. ఎవరూ వాటిని వేరేగా పెంచలేదు.

మనుషుల్లో దీనికి దగ్గరగా చెప్పగలిగింది ఇరాన్‌కి చెందిన బిజానీ అక్కచెల్లెళ్ళ గురించే. తలలు అతుక్కుని పుట్టారు, ఎక్కడికెళ్ళినా ఇద్దరూ కలిసే వెళ్ళాలి, అయినా లాడన్‌కి లాయర్ అవ్వాలని, లాలేకి జర్నలిస్ట్ అవ్వాలని. విడిగా బతకాలనే 29 ఏళ్ళకి, 2003లో సింగపూర్‌లో ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు, ఆ ఆపరేషన్‌లో ఇద్దరూ చనిపోయారు.

ఇక ఇదంతా ఎన్నేళ్ళదాకా సాగుతుంది అన్నది ఇంకో ముక్క. ముప్ఫై దాటాక మనిషి స్వభావం గట్టిపడిపోతుంది, ఇక మెత్తబడదు అని 1890లో విలియమ్ జేమ్స్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ రాస్తే వందేళ్ళు అందరూ అదే చెప్పుకున్నారు. 2006లో బ్రెంట్ రాబర్ట్స్ టీమ్ ఏళ్ళ తరబడి ఒకే మనుషుల్ని చూసిన 92 స్టడీలు కలిపి చూస్తే, బాధ్యతగా ఉండటం, ఊరికే బెంబేలెత్తకపోవడం లాంటివి చిన్నతనంలో కంటే ఇరవై నుంచి నలభై మధ్యే ఎక్కువ పెరుగుతున్నాయి. అంటే పెంపకం అయిపోయింది, ఇక వాడి ఖర్మ అని మనం చేతులు దులుపుకున్న తర్వాత. ఎందుకు పెరుగుతున్నాయి అన్న దగ్గర మళ్ళీ పాత గొడవే, వయసుతో అదే వస్తుంది అని కొందరు, ఉద్యోగం సంసారం మీద పడటం వల్ల అని కొందరు. 2013లో 62 దేశాల డేటా చూసిన వీబ్కె బ్లైడోర్న్ టీమ్ లెక్కలో, కుర్రాళ్ళు త్వరగా పనిలో చేరే దేశాల్లో ఈ మార్పు కూడా త్వరగానే మొదలవుతోంది.