సెప్టిక్ ట్యాంకు: ప్లానులో ఉంటుంది, పట్టింపులో ఉండదు

మొన్న వేసవిలో మా మరుగుదొడ్లో నీళ్లు వెనక్కి తన్నాయి. మడ్డి లాగే ట్యాంకర్ వచ్చింది గానీ సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. పార్కింగ్ టైల్స్ నాలుగు పగలగొడితే దొరికింది. పైపు వేసి లాగితే నీళ్లే వచ్చాయి, మడ్డి కదల్లేదు. "అడుగున గట్టిపడిపోయింది సార్, ఒకడు దిగి కదిపితే గానీ రాదు" అన్నాడు ట్యాంకర్‌తో వచ్చిన కుర్రాడు. నాకు గుండె ఆగినంత పనైంది. వద్దు బాబూ అని, నీళ్లు కొట్టించి, రెండు ట్రిప్పుల్లో లాగించాం.

అలా మనిషిని దించడం, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. 1993 చట్టం చేత్తో ఎత్తే పాయిఖానాలను నిషేధించింది. కానీ వాటి బదులు కట్టిన ట్యాంకుల్లోకి మళ్లీ ఆ ఎత్తిన మనుషులే దిగాల్సి వచ్చింది. లోపలి విషవాయువుకు క్షణాల్లో స్పృహ పోతుంది, కాపాడబోయినవాళ్లూ పోతారు. చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది.

కట్టడానికి ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. ఐఎస్ 2470 అనే భారత ప్రమాణం ప్రకారం ఐదుగురికి మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు లోతు నీరు చాలు. మడ్డి అడుగుకు దిగి, తెట్టు పైకి తేలి, మధ్య నీరు బయటికి పోతుంది. అందులో రోగక్రిములు ఇంకా ఉంటాయి కాబట్టి ఇంకుడు గుంతలోకి వదలాలి, ఆ గుంత తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి.

విశాఖలో చిక్కు ఇక్కడే. కొండవాలు ఇళ్ల కింద రాయి, తీరం పక్కన పైపైనే నీళ్లు, పాత వీధుల్లో గుంతకు జాగా లేదు. దాంతో చాలామంది నాలుగంగుళాల పైపు పెట్టి వీధి కాలువలోకి వదిలేశారు. కాలువ గెడ్డలో (వాగులో), గెడ్డ సముద్రంలోనో హార్బర్‌లోనో కలుస్తుంది. 2005లో గాజువాకను, 32 గ్రామాలను కలిపి జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) చేశారు. హద్దులు పెరిగినంత త్వరగా యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) పైపులు పడవు కదా! శివార్లలో ట్యాంకులే దిక్కయ్యాయి.

ట్యాంకు నుంచి తీసిన మడ్డి సంగతి జాతీయ విధానంలోకి 2017లో గానీ రాలేదు. నిండాక కాదు, రెండు మూడేళ్లకోసారి తీయించి, శుద్ధి కేంద్రానికి చేర్చాలన్నది దాని సారం. నా దృష్టిలో అసలు నిబంధన ఇదే. వేళకు తీస్తే మడ్డి గట్టిపడదు, ఎవరూ దిగాల్సిన పని రాదు. ఇంటి పన్ను నంబరు పక్కనే ట్యాంకు చివరిసారి తీయించిన తేదీ కూడా రాసి ఉండాలి. మా ఇంటి తేదీ మాకే తెలియలేదు. ఆ మడ్డి ఎక్కడ పోస్తారని అడిగితే ఆ కుర్రాడు జవాబు చెప్పకుండా పైపు చుట్టుకున్నాడు.