ట్రయల్‌లో చేరితే ఉత్త సెలైనే ఎక్కిస్తారా?

నెల్లూరులో క్యాన్సర్ ట్రయల్ (రోగులను గ్రూపులు చేసి కొత్త మందును పోల్చి చూసే పరీక్ష) ఫారాలు చదివి వినిపించడం నా ఉద్యోగం. జీర్ణాశయ క్యాన్సర్ ముదిరిపోయి వచ్చినవాళ్ళ పిల్లలు ఫారం సగంలో ఉండగానే అడుగుతారు: "రెండో గ్రూపులో పడితే మందు ఇవ్వరంట గదా?"

ఇస్తారు. ముదిరిన క్యాన్సర్‌కి మొట్టమొదట ఇచ్చే చికిత్సలో కొత్త మందును పరీక్షించేటప్పుడు మామూలుగా రెండు గ్రూపులకూ కీమో పడుతుంది. ట్రయల్ వద్దని బయట చేయించుకున్నా దాదాపు అదే కీమో. తేడా అంతా దానికి కలిపే మందులోనే. 2010లో ఫలితాలొచ్చిన టోగా ట్రయల్‌లో హెర్2 పాజిటివ్ (క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువ) ఉన్నవాళ్ళనే తీసుకున్నారు. కీమో ఒక్కటే పడినవాళ్ళలో సగం మంది 11.1 నెలలు దాటారు. హెర్2ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ కూడా కలిపితే అది 13.8 నెలలైంది. చిన్న తేడానే, కానీ ఆ నెలల్లో ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళను అడగండి.

సెలైన్ పుకారు ఊరికే పుట్టలేదు. కీనోట్-859 లాంటి ట్రయల్స్‌లో కీమోతో పాటు ఒక గ్రూపుకి పెంబ్రోలిజుమాబ్ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందు), ఇంకో గ్రూపుకి మందు లేని సెలైన్ ఎక్కించారు. జనం "కీమోతో పాటు" అన్న మాట వదిలేసి మిగతాది మోసుకెళ్తారు. పొదిలి వైపు నుంచి వచ్చిన ఒకాయన కొడుకు, తండ్రికి పడేది ఉత్త నీళ్ళేనని పోట్లాటకి దిగాడు. అప్పుడు ఆ పెద్దాయనే, "కుండలో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటున్నాయి రా, నీళ్ళకి అట్లవుతుందా?" అన్నాడు. కీమోలో ఆక్సాలిప్లాటిన్ అనే మందు పడితే చల్లటిది తాకినప్పుడు అలాగే ఉంటుంది.

ఇక మందులన్నీ విఫలమైన తర్వాత చేసే ట్రయల్స్ వేరు. 2017లో వచ్చిన అట్రాక్షన్-2లో ఒక గ్రూపుకి ప్లాసిబోనే (మందు లేనిదే) ఇచ్చారు. అలా ఉంటే ఫారంలో రాసే ఉంటుంది, చూపించమని అడగండి.

భయపడటం తప్పు కాదు. భయంతో పసరు మందుకి పోయి, రెండు నెలలకి కళ్ళు పచ్చబడి, ఒకరు పట్టుకుంటే గానీ నడవలేని స్థితిలో వస్తారు చూడండి, అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అప్పటికి ట్రయల్‌కి పనికిరారు, కీమో కూడా పూర్తి డోసు ఇవ్వలేం.

మిగతావి గబగబా. ఎన్ని మందులు కలిపితే అంత మేలా? కాదు. వీ325 అనే ట్రయల్‌లో డోసిటాక్సెల్‌ని మూడో కీమో మందుగా కలిపితే, సగం మంది దాటిన కాలం 8.6 నెలల నుంచి 9.2 అయింది, తెల్లకణాలు మాత్రం దారుణంగా పడిపోయాయి. ఎండోస్కోపీలో ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందా? పాకదు, హెర్2 ఉందో లేదో మామూలుగా చూసేది ఆ ముక్కలోనే. కొత్త మందు పడితే నయమైపోతుందా? ముదిరిన దశలో అలా మాట ఇచ్చేవాడిని నమ్మొద్దు. సంతకం పెడితే ఇరుక్కుపోతామా? లేదు, ఏ రోజైనా మానేయవచ్చు, మామూలు వైద్యం ఆగదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం 2019 నిబంధనల్లోనే ఉన్నాయి. ఫారం తెలుగులో ఇవ్వకపోతే సంతకం పెట్టకండి.