రెండు డిస్కులున్నాయి కదా, బ్యాకప్ ఎందుకు? స్కూల్ సర్వర్ల మీద అపోహలు, వాస్తవాలు

ఏటా జూన్‌లో స్కూళ్లు తెరిచే ముందు నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "సార్, రెండు డిస్కులు వేయించాం కదా, డేటా ఎలా పోతుంది సార్?" అడిగేది కరస్పాండెంట్ గారైనా అయ్యుంటారు, ఫీజు కౌంటర్‌లో కూర్చునే మేడమైనా అయ్యుంటారు. అవతల టీసీ కోసం తల్లిదండ్రులు నిలబడి ఉంటారు కాబట్టి గొంతులో టెన్షన్ తెలిసిపోతూనే ఉంటుంది. హైదరాబాద్‌లో ఉప్పల్, బోడుప్పల్, కూకట్‌పల్లి వైపు చిన్న ప్రైవేటు స్కూళ్లకు సర్వర్లు అమర్చడం, తర్వాత వీలైనంత తక్కువ సార్లు అటు వెళ్లే పరిస్థితి ఉండేలా చూడటం నా పని. ఈ ఒక్క ప్రశ్నకు ప్రతిసారీ ఫోన్లో జవాబు చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మిర్రర్ ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదు.

మిర్రర్ ఉన్నా బ్యాకప్ తప్పకుండా కావాలి. మిర్రర్, అంటే రెయిడ్ 1లో, మీరు ఏది సేవ్ చేసినా అది రెండు డిస్కుల మీదా ఒకేసారి పడుతుంది. తప్పు ఎంట్రీ కొడితే తప్పు రెండు చోట్లా ఉంటుంది, డిలీట్ కొడితే రెండు చోట్లా పోతుంది. ఒక డిస్కు చెడిపోయినా ఆ రోజుకు ఫీజు కౌంటర్ ఆగకుండా నడుస్తుంది, దాని ఉపయోగం అంతవరకే. స్కూళ్లలో డేటా పోయేది డిస్కు చెడిపోయి మాత్రమే కాదు. ల్యాబ్‌లో ఏదో ఒక మెషిన్‌కు పెన్‌డ్రైవ్ ద్వారా రాన్సమ్‌వేర్, అంటే డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే వైరస్, ఎక్కి షేర్డ్ ఫోల్డర్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఇక ఏ ఫైలూ తెరుచుకోదు. పిడుగు పడినప్పుడు సీపీయూకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ కాలిపోయి దానికి తగిలించిన రెండు డిస్కుల్నీ తీసుకుపోతుంది. సెలవుల్లో దొంగలు పడితే సీపీయూనే ఎత్తుకుపోతారు, ఒక డిస్కు వదిలి వెళ్లరు. 2020 అక్టోబర్ వానలు గుర్తున్నవాళ్లకు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆఫీసు రూమ్ సంగతి నేను చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ చూసేది మాత్రం ఇవేవీ కాదు, ఏడాది చివర్లో కొట్టే 'ప్రమోట్' బటన్. ఉప్పల్ వైపు ఒక స్కూల్లో పిల్లలందర్నీ పై క్లాసుకు మార్చే ఆ బటన్‌ను క్లర్క్ అమ్మాయి నొక్కింది. పదో తరగతి పిల్లల పాత బాకీలన్నీ సున్నా అయ్యాయి. ఎవరికీ తెలియలేదు. రిజల్ట్స్ వచ్చి టీసీల కోసం జనం వచ్చాక, ఎవరి లెడ్జర్ తీసినా బాకీ లేదనే చూపిస్తుంటే అప్పుడు గమనించారు. సాఫ్ట్‌వేర్ అమ్మినాయన తాపీగా "డేటా రెండు డిస్కుల్లోనూ సేఫ్‌గా ఉంది" అన్నాడు. ఉంది, సున్నాలు రెండింటిలోనూ సేఫ్‌గా ఉన్నాయి. చివరికి రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిల్స్ ముందేసుకుని ఇద్దరు కూర్చుని మళ్లీ ఎక్కించారు. ఆ అమ్మాయి ఏడుస్తూ "నా వల్లే సార్" అంటుంటే నాకు కోపం వచ్చింది ఆమె మీద కాదు, 'వెనక్కి' అనే దారి లేకుండా అలాంటి బటన్ పెట్టినవాళ్ల మీద, నెల కిందటి కాపీ ఒక్కటి కూడా ఉంచకుండా సర్వర్ అప్పజెప్పి వెళ్లినవాళ్ల మీద.

ఇంకో సంగతి. మిర్రర్‌లో ఒక డిస్కు ఎప్పుడో చచ్చిపోయి, నెలల తరబడి రెండోదాని మీదే నడుస్తున్న సర్వర్లు చాలా చూశాను. హెచ్చరిక మెయిల్ వెళ్తూనే ఉంటుంది, ఎవరూ తెరవని ఒక ఐడీకి. అందుకే నేను మెయిల్ మీద ఆధారపడను. ఫీజు కౌంటర్ మెషిన్‌లో బ్రౌజర్ తెరవగానే వచ్చే పేజీలో పైన ఒక పట్టీ పెడతాను, డిస్కులూ బ్యాకప్పూ బాగుంటే పచ్చగా, లేకపోతే ఎర్రగా. ఎర్రగా ఉంటే నాకు ఫోటో తీసి పంపమని చెబుతాను. డిస్కుల్ని జతగా నడిపే ఖరీదైన రెయిడ్ కార్డులు కూడా వద్దంటాను. ఆ కార్డే పోతే, చాలాసార్లు అదే రకం కార్డు దొరికేదాకా డిస్కులు చేతిలో పట్టుకుని కూర్చోవాలి. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే ఆ డిస్కును తీసి వేరే ఏ లినక్స్ మెషిన్‌కు తగిలించినా చదువుతుంది.

మరి బ్యాకప్ ఎలా? చాలామంది రాత్రి రెండు గంటలకు టైమ్ పెడతారు. మన స్కూళ్లలో సాయంత్రం తాళం వేసేటప్పుడు అటెండర్ మెయిన్ ఆఫ్ చేసి వెళ్తాడు, కరెంటు బిల్లు కోసమో భయం కోసమో, అలా చేయడం తప్పు కూడా కాదు. ఆ రాత్రి రెండు గంటల బ్యాకప్ ఒక్కరోజు కూడా నడవదు. నేను లంచ్ టైమ్‌కు పెడతాను. ముందు ఫీజు డేటాబేస్‌ను డంప్ తీసి, అంటే అందులో ఉన్నదంతా ఒక ఫైల్‌గా బయటకు రాయించి, ఆ డంప్‌ను కాపీ చేయాలి. నడుస్తున్న డేటాబేస్ ఫైల్‌ను ఉన్నదున్నట్టు కాపీ కొడితే తర్వాత తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. ఆర్‌స్నాప్‌షాట్ లాంటి బ్యాకప్ ప్రోగ్రామ్ వాడితే మారని ఫైళ్లను మళ్లీ రాయదు కాబట్టి, ఒకే డిస్కులో రోజువారీ, వారంవారీ, నెలవారీ కాపీలు పడతాయి, పోయిన నెల ఫలానా మంగళవారం ఎలా ఉందో తీసి చూడొచ్చు. పోర్టబుల్ డిస్కులు రెండు కొనండి. ఒకటి సర్వర్‌కు తగిలించి, రెండోది కరస్పాండెంట్ గారి ఇంట్లో. శనివారం మార్చుకోవాలి. తగిలించి లేని డిస్కును ఏ వైరసూ ముట్టుకోలేదు. పిల్లల ఆధార్ నంబర్లు కూడా అందులో ఉంటాయి కాబట్టి డిస్కులు ఎన్‌క్రిప్ట్ చేసి, పాస్‌వర్డ్ కవర్లో పెట్టి ప్రిన్సిపాల్ బీరువాలో ఉంచండి. ఖర్చు ఎక్కువని మాత్రం అనకండి. 

దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి బ్యాకప్ పనికొస్తుందో లేదో చూడటానికి ఆ డిస్కును ల్యాబ్‌లో ఖాళీగా ఉన్న మెషిన్‌కు తగిలించి, డంప్‌ను ఎక్కించి, ఎవరో ఒక పిల్లవాడి లెడ్జర్ తెరిచి రసీదుతో పోల్చి చూడండి. అరగంట పని.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: సర్వర్ అంటే పెద్ద మెషిన్, ఏసీ రూమ్ ఉండాలి.

ఫీజు సాఫ్ట్‌వేర్, మార్కులు, ల్యాబ్ ఫైళ్లు, పిల్లలకు నెట్ లేకుండా చదువుకోవడానికి కివిక్స్‌లో తెలుగు వికీపీడియా, కోలిబ్రిలో పాఠాలు. ఇంతే పని అయితే 16 జీబీ ర్యామ్ ఉన్న మినీ పీసీ సరిపోతుంది. పదిహేను వాట్లు తినే మెషిన్ రోజంతా నడిచినా నెలకు పదకొండు యూనిట్లు దాటదు, వంద వాట్లు తినే టవర్ అయితే 72. దాన్ని నేల మీద, మోటార్ స్టార్టర్ పక్కన, మెట్ల కింద పెట్టకండి. గోడకు ఎత్తులో బిగించండి. వేసవి సెలవుల్లో ఆపేసి ప్లగ్గులు, నెట్ కేబుల్ కూడా పీకేయండి. రెండు బ్లాకుల మధ్య గాలిలో వేలాడే లాన్ కేబుల్ ఉంటే పిడుగు దాని గుండా కూడా వస్తుంది, అక్కడ ఫైబర్ వేయించుకోవాలి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ కూడా వాడొచ్చు, ఎస్‌డీ కార్డు మీద మాత్రం వద్దు, యూఎస్‌బీకి ఎస్‌ఎస్‌డీ తగిలించండి.

అపోహ: ఇన్వర్టర్ ఉంది, యూపీఎస్ దండగ.

చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్, ఈకో మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. ఈకోలో ఉంటే కరెంటు పోయినప్పుడు ఫ్యాన్‌కు తేడా తెలియదు, సర్వర్ మాత్రం రీస్టార్ట్ కావచ్చు. యూఎస్‌బీ ఉన్న చిన్న యూపీఎస్ పెట్టి, దాని కేబుల్ సర్వర్‌కు కలిపి, సర్వర్‌లో దాని సాఫ్ట్‌వేర్ కూడా వేయండి, బ్యాటరీ తగ్గగానే సర్వర్ దానంతటదే పద్ధతిగా ఆగిపోతుంది. కరెంటు రాగానే ఆన్ అయ్యేలా బయోస్‌లో, అంటే మెషిన్ ఆన్ అవగానే వచ్చే సెట్టింగుల్లో, ఒక ఆప్షన్ ఉంటుంది, అదీ పెట్టండి. బయోస్ అంటే గుర్తొచ్చింది. కోవిడ్ తర్వాత 2021 సెప్టెంబర్‌లో స్కూళ్లు తెరిచినప్పుడు ఎక్కడ చూసినా ఎఫ్1 నొక్కమని అడుగుతూ ఆగిపోయిన మెషిన్లే. తేదీ వెనక్కి పోయి సైట్లు ఏవీ తెరుచుకోవట్లేదు. "వైరస్ సార్, అన్నిటికీ వచ్చేసింది" అని ఒకటే పుకారు, ఒకచోట మదర్‌బోర్డులు మార్చాలని కొటేషన్ కూడా ఇచ్చారు. పోయింది లోపల తేదీని, బయోస్ సెట్టింగుల్ని నిలిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ. కిరాణా షాపులో కూడా దొరుకుతుంది.

అపోహ: విండోస్ 10 గడువు అయిపోయింది, పాత కంప్యూటర్లు పారేయాలి.

2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు అప్‌డేట్లు ఆపిన మాట నిజం. అప్‌డేట్లు లేకుండా నడపడం మంచిది కాదన్నదీ నిజమే. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చే నాటికి దాన్ని ఆపే అప్‌డేట్ విడుదలై రెండు నెలలైంది, ఎక్కువగా వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు. ఆ మెషిన్లకు లినక్స్ వేయండి. పిల్లలకు కష్టమంటారా, కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల నుంచి అదే నడుస్తోంది, మన ఊళ్లో ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాళ్లను అడిగినా చెబుతారు. కష్టం పిల్లలకు కాదు, మనకు. ల్యాబ్ మొత్తాన్ని సర్వర్ నుంచే బూట్ చేసే ఎల్‌టీఎస్‌పీ బాగుంటుంది, కానీ కేబుళ్లన్నీ కలిసే చోట వేగమైన గిగాబిట్ స్విచ్ లేకపోతే నేను పెట్టను.

అపోహ: నెట్ రావట్లేదంటే సర్వర్ పోయినట్టే.

వారానికొకరైనా ఇలా ఫోన్ చేస్తారు. ఎక్కువసార్లు జరిగేది ఏంటంటే, ఎవరో సార్ ఇంట్లో పాత వైఫై రౌటర్ తెచ్చి స్టాఫ్‌రూమ్‌లో గోడ సాకెట్‌కు తగిలిస్తారు, పాపం సిగ్నల్ కోసమే. అది కూడా సర్వర్‌లాగే కంప్యూటర్లకు నెట్‌వర్క్ అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది, ల్యాబ్‌లో సగం మెషిన్లు దాని మాట వింటాయి, సగం సర్వర్ మాట వింటాయి. ముందు స్టాఫ్‌రూమ్‌కు వెళ్లి కొత్తగా లైట్లు వెలుగుతున్న డబ్బా ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే దాని ప్లగ్గు పీకి, ల్యాబ్‌లో ఒక మెషిన్ రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే నాకు ఫోన్ చేయండి.