వ్యూస్ కొంటే పాట హిట్టవదు తమ్ముడూ

వారానికొకరైనా చెన్నై సాలిగ్రామంలోని మా ఎడిటింగ్ రూమ్‌కి వచ్చి ఇదే అడుగుతారు. "అన్నా, శుక్రవారం పాట రిలీజ్. లక్ష వ్యూస్‌కి ఎంతవుతుంది?" వీడియోకి రంగులు సరిదిద్దే పని కూడా పూర్తి కాలేదు, అప్పుడే వ్యూస్ బేరం!

అపోహ: మొదట లక్ష వ్యూస్ కనబడితే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

వాస్తవం: రారు. ఉన్నవాళ్లు కూడా పోతారు.

కిందటేడు గూడూరు కుర్రాడొకడు, షోలింగనల్లూరులో ఐటీ ఉద్యోగం, మంచి హుషారైన పాట చేశాడు. టెలిగ్రామ్‌లో ఎవరికో 22 వేలు కట్టాడు. మూడు రోజుల్లో రెండు లక్షల వ్యూస్! నాలుగో రోజు ఫోన్ పట్టుకుని మా టీకొట్టు దగ్గరికి వచ్చాడు, మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఎవరు ఎంతసేపు చూశారో చెప్పే యూట్యూబ్ అనలిటిక్స్ తెరిచి చూశాను. పాట 3 నిమిషాల 12 సెకన్లు. సగటున చూసింది 9 సెకన్లు. ఆ పాట ఇంట్రోలో డప్పు మొదలయ్యేదే పదకొండో సెకను దగ్గర. చూసినవాళ్లంతా తెలుగు ముక్క రాని దేశాలవాళ్లు. మరుసటి వారం యూట్యూబ్ సగానికి పైగా వ్యూస్ తీసేసింది. డబ్బు పోవడం ఒక ఎత్తు. పాట మొదలవగానే జనం పారిపోతున్నారని మనమే డబ్బిచ్చి యూట్యూబ్‌కి చెప్పించినట్టయింది, అదీ అసలు నష్టం. వాడిని తిట్టలేకపోయాను. నా మొదటి వీడియోకి నేనూ లైకులు కొన్నాను మరి.

గూగుల్‌కి నేరుగా డబ్బు కట్టి ప్రకటన వేయడం వేరు, అది తప్పు కాదు. కానీ ఆ వ్యూస్‌ని రిలీజైన మొదటి 24 గంటల వ్యూస్ రికార్డుల్లో లెక్కించడం యూట్యూబ్ 2019లోనే మానేసింది. స్పాటిఫైలో ఇంకా కష్టం. దొంగ స్ట్రీమ్స్‌కి రాయల్టీ రాదు. మరీ ఎక్కువైతే 2024 నుంచి, మీ పాటని స్పాటిఫైకి చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి జరిమానా వేస్తున్నారు, ఆయన మీ పాటే తీసేయొచ్చు.

ఇంకో అపోహ: "30 సెకన్ల లోపు సినిమా పాట వాడుకుంటే కాపీరైట్ రాదు." వస్తుంది. చట్టంలో అలాంటి సెకన్ల లెక్కే లేదు. ఈ మాట ఎవరు పుట్టించారో కనబడితే బాగుండు.

మరో అపోహ: "స్లో మోషన్‌లో లిప్ సింక్ ఎడిటింగ్‌లో సర్దేస్తారు." సర్దలేం. మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు, స్లో మోషన్ కోసం 48 ఫ్రేముల్లో తీస్తే సెట్లో పాట రెట్టింపు వేగంతో మోగాలి, పాడేవాళ్లూ అదే వేగంతో పెదాలు కదపాలి. బెసెంట్ నగర్ బీచ్‌లో ఓ అమ్మాయి తెల్లారుజామున ఐదున్నరకి ఉడత గొంతులా కీచుమనే తన పాటకే పదకొండు టేకులు పెదాలు కలిపింది. వాకింగ్‌కొచ్చిన తాతగారు ఆగి, "ఏమ్మా, టేపు పాడైందా?" అన్నారు. తెరమీద చూస్తే మాత్రం జుట్టు గాలిలో తేలుతుంటే మాట మాటకీ పెదవి కుదిరింది.

అన్నట్టు, స్పాటిఫైలో పిచ్, అంటే పాటని వాళ్ల ప్లేలిస్టుల్లో పెట్టమని అడిగే దరఖాస్తు, కనీసం ఏడు రోజుల ముందు పెట్టాలి. ఈ శుక్రవారం రిలీజ్ పెట్టుకున్నవాళ్లు పోస్టర్ ఇంకా బయటపెట్టకపోతే తేదీ మార్చుకోండి, ఏమీ కాదు.