మట్టాంచేరి సినగాగ్‌లో పదో మనిషి

కొచ్చి వెళ్లినవాళ్లు మట్టాంచేరిలో జ్యూ టౌన్ వీధి చివరున్న పరదేశి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, చూడకుండా రారు. చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్తే కాళ్ల కింద చైనా నుంచి తెప్పించిన నీలం రంగు టైల్స్, తల మీద గాజు దీపాలు. ఏ రెండు టైల్సూ ఒకేలా ఉండవని చెబుతారు. టికెట్ కొని చూసేవాళ్లకు ఏ రోజూ కొరత లేదు. ప్రార్థనకు మాత్రం అక్కడ చాలా ఏళ్లుగా మనుషులు చాలడం లేదు.

యూదుల సంప్రదాయంలో సామూహిక ప్రార్థన జరగాలంటే పదమూడేళ్లు దాటిన మగవాళ్లు పది మంది ఉండాలి. దీన్ని మిన్యాన్ అంటారు. (ఇప్పుడు కొన్ని శాఖలు ఆడవాళ్లనూ లెక్కిస్తాయి. కొచ్చిలో పాత పద్ధతే.) తొమ్మిది మందే ఉంటే ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకోవచ్చు. కానీ పెట్టె తెరిచి తోరా (యూదుల ధర్మగ్రంథం) చుట్టను బయటికి తీసి చదవడానికి వీల్లేదు. పోయినవాళ్ల కోసం కొడుకులు చెప్పే కద్దిష్ ప్రార్థన కూడా చెప్పకూడదు. అంటే తండ్రి పోయిన మనిషి తన దుఃఖాన్ని ఆ మాటల్లో చెప్పుకోవడానికి కూడా ఇంకో తొమ్మిది మంది వచ్చి పక్కన నిలబడాలి. ఒంటరి ధ్యానానికి ఎంత విలువున్నా, నలుగురూ కూడకపోతే పూర్తి కాని భక్తి ఇది.

ఆ పది మంది ఎందుకు కరువయ్యారని అడిగితే అందరూ ఇజ్రాయెల్‌కు వెళ్లిపోయారని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అది నిజమే, కానీ సగమే. మిగతా సగం తెలియాలంటే, మనుషులు నిండుగా ఉన్న రోజుల్లో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారో చూడాలి.

కేరళ యూదుల పాత ఊరు కొచ్చి కాదు, కొడుంగల్లూరు రేవు. యెరూషలేము మందిరం కూలిన క్రీ.శ. 70 తర్వాత తమ పూర్వీకులు అక్కడ దిగారని వాళ్ల నమ్మకం. చేతిలో ఉన్న ఆధారం మాత్రం క్రీ.శ. 1000 ప్రాంతపు రాగిరేకులు. చేర రాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు వర్తక పెద్దకు 72 హక్కులు ఇచ్చినట్టు వాటి మీద ఉంది. 1341లో పెరియార్ వరదకు ఆ రేవు పూడిపోయింది. 16వ శతాబ్దంలో యుద్ధాలు, పోర్చుగీసువారి వేధింపులు వచ్చిపడ్డాయి. యూదులు కొచ్చి రాజు నీడకు చేరారు.

అదే కాలంలో స్పెయిన్ నుంచి, పశ్చిమాసియా నుంచి తరిమివేతలు తప్పించుకుని, వ్యాపారాలు వెతుక్కుని ఇంకొందరు యూదులు వచ్చారు. స్థానికులు వాళ్లను పరదేశులు అన్నారు. వాళ్లు 1568లో రాజభవనం పక్కనే తమ సినగాగ్ కట్టుకున్నారు. రాజు గుడికీ సినగాగ్‌కీ మధ్య అడ్డం ఒక్క గోడే. అయితే ముందునుంచీ ఉన్న మలబారి యూదులకు ఏడు సినగాగ్‌లు ఉండేవి, జనం కూడా వాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. కొత్తగా వచ్చినవాళ్లు తమను తెల్లవాళ్లమని చెప్పుకుని, పాతవాళ్లను నల్ల యూదులన్నారు. వాళ్లతో పెళ్లి సంబంధాలు కలుపుకోలేదు.

ఇది సబబేనా అని 16వ శతాబ్దంలోనే కొచ్చి నుంచి కైరోకు, దావీద్ ఇబ్న్ జిమ్రా అనే పెద్ద రబ్బీకి (యూదు మతగురువుకు) ఉత్తరం వెళ్లింది. పాతవాళ్లూ యూదులే, విధి ప్రకారం నీటిలో మునక వేయించి పెళ్లిళ్లు చేసుకోవచ్చని ఆయన తీర్పు రాశాడు. తీర్పు కాగితం మీదే ఉండిపోయింది. కేరళ యూదులకు సొంత రబ్బీల వ్యవస్థ లేదు. పెద్దలు కూర్చునే సభే, వాళ్ల మాటలో యోగం, అన్నీ తేల్చేది. ఆ పెద్దలకు కైరో మాట కంటే చుట్టూ ఉన్న నంబూద్రి, నాయర్ కట్టుబాట్లే దగ్గరగా కనిపించాయి. అది వాళ్ల ఒక్కరి తప్పని అనలేం గానీ, ధర్మశాస్త్రం ఒప్పుకున్నదాన్ని కులం ఒప్పుకోలేదు.

అన్నిటికన్నా కింద ఉంచింది మెషుహ్రరీంలను. అంటే విడుదలైన బానిసలు, వాళ్ల సంతానం. పరదేశి ఇళ్లలోనే పుట్టి పెరిగి, అవే ప్రార్థనలు కంఠతా వచ్చినవాళ్లు. అయినా సినగాగ్‌లో బల్లల మీద వాళ్లు కూర్చోకూడదు, నేల మీదో ముందు వసారాలోనో ఉండాలి. తోరా చదవడానికి వాళ్లను పిలవరు. పరదేశుల శ్మశానంలో చోటు లేదు. మన ఊళ్లలో బడిలో, గుడిలో, హోటల్లో ఎడంగా ఉంచిన కథలు విన్నవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. 19వ శతాబ్దం నడుమ కొందరు విసిగి ఫోర్ట్ కొచ్చికి వెళ్లి వేరుగా ప్రార్థనలు పెట్టుకున్నారు. అది నిలవలేదు, తిరిగి వచ్చి అదే నేల మీద కూర్చున్నారు.

ఆ కుటుంబాల్లో 1882లో పుట్టినవాడు అబ్రహాం బరాక్ సేలం. మద్రాసులో చదివి వకీలయ్యాడు. కొచ్చి శాసన మండలిలో సభ్యుడు, 1929 లాహోర్ కాంగ్రెస్‌కు వెళ్లి వచ్చినవాడు. బయట ఇంత పేరున్న మనిషికి సొంత సినగాగ్‌లో కూర్చోవడానికి బల్ల లేదు. ఆయన గాంధీ దారినే సినగాగ్ లోపలికి తెచ్చాడు. కొన్నాళ్లు అసలు వెళ్లలేదు. తర్వాత కొడుకులను వెంటబెట్టుకుని వెళ్లి, కూర్చోవద్దన్న చోట కూర్చున్నాడు. జ్యూయిష్ గాంధీ అన్న పేరు అలా వచ్చింది. 1930లలో, 40లలో ఒక్కొక్క అడ్డే సడలుతూ వచ్చింది. ఆఖరిది పెళ్లి. 1950లో ఆయన కొడుకూ ఒక పరదేశి ఇంటి అమ్మాయీ పెళ్లి చేసుకోవాలనుకుంటే కొచ్చిలో కుదరక బొంబాయి వెళ్లాల్సి వచ్చింది. నాలుగు వందల ఏళ్ల కిందటి కైరో తీర్పు అమలు కావడానికి రైలెక్కాల్సి వచ్చిందన్నమాట.

ఇక్కడితో గొడవ తీరిందనుకునే లోపు ఊరే ఖాళీ అయింది. 1948 నాటికి కేరళలో రెండున్నర వేల మంది దాకా యూదులు ఉండేవారు. ఇజ్రాయెల్ ఏర్పడగానే మలబారి యూదులు ఊళ్లకు ఊళ్లు ప్రయాణం కట్టారు. కొత్త దేశం వెంటనే రానివ్వలేదు, కొచ్చి బోదకాలు తమకు అంటుతుందేమోనని అక్కడి అధికారులకు భయం. వాళ్లను ఒప్పించడానికి 1953లో ఇజ్రాయెల్ వెళ్లినవాడు కూడా సేలమే. ఆ తర్వాత రెండేళ్లలో ఎక్కువమంది వెళ్లిపోయి నెవాతిమ్, మెసిలత్ సియోన్ లాంటి పల్లెల్లో కోళ్లు, పూలు పెంచుకుంటూ స్థిరపడ్డారు. సేలం మాత్రం కొచ్చిలోనే ఉండి 1967లో చనిపోయాడు.

పరదేశులు కదలడానికి ఇంకా టైం పట్టింది. వాళ్లకు ఆస్తులున్నాయి, వ్యాపారాలున్నాయి. 1968లో సినగాగ్ నాలుగు వందల ఏళ్ల పండుగకు ప్రధాని ఇందిరా గాంధీ వచ్చారు, తపాలా బిళ్ల వేశారు. ఆ తర్వాత పిల్లలు సంబంధాల కోసం, ఉద్యోగాల కోసం వెళ్లారు. తోరా పఠనం ఏడాది చక్రం ముగిసే సింహత్ తోరా పండుగనాడు సినగాగ్ నిండా మల్లెపూలు, నూనె దీపాలు ఉండేవి. తోరా చుట్టలు ఎత్తుకుని పాడుతూ సినగాగ్ బయట కూడా ప్రదక్షిణలు చేయడం కొచ్చివాళ్ల ప్రత్యేకత. ఆడవాళ్లకు మలయాళంలో సొంత పాటలుండేవి, నోటు పుస్తకాల్లో రాసుకుని తల్లి నుంచి కూతురికి అందించుకునేవారు. ఆ ప్రదక్షిణకు చుట్టలు మోసే చేతులు తగ్గిపోయాయి.

చివరికి మిన్యాన్ కోసం పరదేశి సినగాగ్ ఎర్నాకుళం నుంచి వచ్చే మలబారి యూదుల కోసం, విదేశీ యాత్రికుల కోసం ఎదురుచూసింది. ఒకప్పుడు సంబంధం కలుపుకోని ఇంటివాడు వస్తేనే పది నిండే పరిస్థితి. 2019లో, వీధిలో ఎంబ్రాయిడరీ దుకాణం నడిపిన 96 ఏళ్ల పెద్దావిడ పోయారు. 2024 ఆగస్టులో మరో పెద్దావిడ పోయాక మట్టాంచేరి పరదేశుల్లో మిగిలింది ఒక్కరేనని పత్రికలు రాశాయి.

మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో లెక్క తిరగబడి ఉంది. అక్కడ నలభై దాకా కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయీం అని పిలుచుకుంటాయి. పుట్టుకతో మాదిగలు, ఒకప్పుడు క్రైస్తవులు. 1990ల మొదట్లో సినగాగ్ పెట్టుకుని హీబ్రూ నేర్చుకోవడం మొదలుపెట్టారు. ప్రాచీన ఇశ్రాయేలు నుంచి తప్పిపోయాయనే పది గోత్రాల్లో ఎఫ్రాయీము సంతతి తామేనని వాళ్ల మాట. అలాగే ఇంకో గోత్రపు సంతతిమని చెప్పుకునే మణిపూర్, మిజోరం వైపు బ్నే మెనాషేలను ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ 2005లో గుర్తించారు. వీళ్లకు ఆ గుర్తింపు రాలేదు. పది మందికి అక్కడ కరువు లేదు, ఆ పది మందినీ యూదులుగా లెక్కించేవాళ్లకే కరువు. పొలం పనికి వెళ్లే ఇంట్లో శనివారం విశ్రాంతి దినం పాటిస్తే ఆ రోజు కూలి పోయినట్టే.